బండి మిస్ కొడుతోందా? ముందు ఏ సిలిండరో తేల్చండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. చదువుల గురించి మాట్లాడతాననుకుని వచ్చినవాళ్లు కొంచెం నిరాశపడవచ్చు. కార్యదర్శి గారు ఈసారి పాత పికప్ బండి ఇంజన్ మిస్ కొట్టడం గురించి చెప్పమన్నారు. అందుకు కారణం ఈ హాల్లోనే కూర్చుని ఉంది. మీలో కూరగాయల మండీ వాళ్లున్నారు, కోళ్ల వ్యాపారులున్నారు, టెంట్ హౌస్ వాళ్లు, పాత ఇనుము వాళ్లు, ఫర్నిచర్ షాపుల వాళ్లు ఉన్నారు. మీ వాకిట్లో పది పదిహేనేళ్ల పికప్ ఒకటైనా ఉంటుంది. లేదంటే అలాంటి బండి తోలుకుని బతికే మేనల్లుడో, పక్కింటి కుర్రాడో ఉంటాడు. బండి షెడ్డులో పడిన రోజు అతను మొదట ఫోన్ చేసేది మీకే. అప్పుడు "ఎంత కావాలి?" అని అడగడానికి ముందు ఇంకేం అడగాలో చెప్పడానికే నేను నిలబడ్డాను.

మా భాయిజాన్‌కు డీజిల్ షెడ్డు ఉంది. ముప్పై ఏళ్లుగా సెలవు రోజుల్లో అక్కడ కూర్చుంటున్నాను. స్పానర్ ఆయనది, ప్రశ్నలు నావి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ రెండూ కలిసిన సరుకే.

మిస్ కొట్టడం అంటే ఏమిటో ముందు చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 400 సార్లు, నాలుగూ కలిపి 1,600 సార్లు. అందులో ఒకటి పూర్తిగా మండటం మానేస్తే సెకనుకు ఆరేడు దెబ్బలు తగ్గిపోతాయి. బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసే ఆ కుదుపు అదే. మిగతా మూడూ నాలుగో దాని బరువు కూడా మోస్తూ ఉంటాయి. బండి కదులుతూనే ఉంటుంది కాబట్టి డ్రైవరు "పర్లేదులే, ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం" అంటాడు. పికప్ బండ్లలో జబ్బు ముదిరేది ఈ ఒక్క మాట వల్లనే.

డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని పద్దెనిమిది ఇరవై రెట్లు నొక్కేస్తుంది. అలా నొక్కితే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చల్లుతుంది, అది అంటుకుంటుంది. కనుక ఒక సిలిండరు మండటం లేదంటే రెండే దారులు. డీజిల్ సరిగ్గా రావడం లేదు, లేదా గాలిని నొక్కే బిగువు, అంటే కంప్రెషన్ లేదు. షెడ్డులో వినిపించే పాతిక పేర్లూ ఈ రెండు గదుల్లోనే సర్దుకుంటాయి. ఏ గదిలో వెతకాలో తేలకుండా సామాన్లు మార్చడం మొదలుపెడితే ఖర్చుకు అంతు ఉండదు.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రాడి బండి సంగతి చెబుతాను. 2010 మోడల్ పికప్, నాలుగు సిలిండర్లు, పాతరకం మెకానికల్ పంపు. తెల్లవారుజామున పల్లెల నుంచి రైతు బజారుకు కూరగాయలు తోలుతాడు. ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్లు, బండి మీద ఫైనాన్స్. ఇంజన్ మిస్ కొడుతోందని ఒక షెడ్డుకు తీసుకెళ్తే ఫిల్టర్లు మార్చారు. తగ్గలేదు. నాజిళ్లు నాలుగూ కొత్తవి వేశారు. తగ్గలేదు. పంపు దించి ఓవర్‌హాల్ చేయించారు. మూడు నెలల్లో 40 వేలు దాటింది, అందులో సగం అప్పు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "సార్, ఇంజన్ బోరు పోయిందంటున్నారు. ఇంకో 60 వేలు కావాలంటున్నారు. బండి అమ్మేయనా?" అని.

భాయిజాన్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తకుండానే కుర్రాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టారు. "మొదటిసారి ఎప్పుడు మిస్ కొట్టింది బాబూ? పొద్దున స్టార్ట్ చేయగానేనా, వేడెక్కాకనా?" అని అడిగారు. కుర్రాడు ఆలోచించి, "మొదట్లో పొద్దున బాగానే ఉండేది మామూ. ఇరవై, ముప్పై కిలోమీటర్లు పోయాక మొదలయ్యేది. ఇప్పుడైతే ఎప్పుడూ కొడుతోంది" అన్నాడు. మూడు నెలల్లో ఈ ప్రశ్న అతణ్ణి ఎవరూ అడగలేదట.

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెబుతాను. పైపుల్లో ఎక్కడో సందు ఉండి గాలి పట్టే బండి రాత్రంతా ఆగి ఉంటే డీజిల్ వెనక్కి జారిపోతుంది. అది పొద్దున్నే మొరాయిస్తుంది, కాసేపు తిరిగాక సర్దుకుంటుంది. రింగులు అరిగి కంప్రెషన్ తగ్గిన ఇంజన్ కూడా చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ మిస్ కొట్టి, కళ్లు మండే తెల్లపొగ వదిలి, వేడెక్కాక కొంత మెరుగవుతుంది. చల్లగా బాగుండి వేడెక్కాక చెడే బండి మాత్రం వేరే జాతి. అక్కడ వాల్వులను అనుమానించాలి. దాని దగ్గరికి వస్తాను.

పొగ కూడా సాక్ష్యమే. ఘాటుగా కళ్లు మండించే తెల్లపొగ అంటే డీజిల్ లోపలికి వస్తోంది కానీ మండటం లేదు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపి చూడండి, పైసా ఖర్చు లేని పని. తెల్లగా ఆవిరిలా వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద కన్నెయ్యాలి. ఇంకో గుర్తు డిప్‌స్టిక్. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే, వాసన చూస్తే డీజిల్ కంపు కొడుతోందంటే, మండని డీజిల్ సిలిండరు గోడల మీదుగా కిందికి జారుతోందని అర్థం. పల్చబడిన ఆ ఆయిల్‌తో లోడు వేసుకుని తిరిగితే బేరింగులకూ ఎసరు వస్తుంది.

ఇక డీజిల్ దారి. తక్కువ ఖర్చువి ముందు చూడాలి. ఫిల్టరు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి ఒక గాజు గ్లాసులో కాస్త పట్టండి. నీళ్లు ఉంటే అడుగున వేరుగా తేరుకుంటాయి. వానాకాలంలో, డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోయించుకునేవాళ్లకు ఇది తరచుగా కనిపిస్తుంది. తరవాత టాంకు నుంచి పంపుకు వచ్చే పైపులో ఒక చోట పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ముక్క కలిపి ఇంజన్ నడిపి చూడండి. బుడగలు పరుగెడుతుంటే గాలి పడుతోంది. నూటికి ఎక్కువసార్లు దోషి ఒక రాగి వాషరో, పగిలిన రబ్బరు గొట్టమో అయి ఉంటుంది. ఫిల్టరు మార్చిన మర్నాటి నుంచే మిస్ మొదలైందని డ్రైవరు చెబితే ఇంకెక్కడా చూడకండి, ఆ ఫిల్టరు దగ్గరికే వెళ్లండి.

ఒక మాట గమనించండి. గాలి పడితే, నీళ్లు కలిస్తే మిస్ ఒక వరస లేకుండా ఉంటుంది. కాసేపు ఈ సిలిండరు, కాసేపు ఆ సిలిండరు. దెబ్బ లెక్క తప్పకుండా ఒకే తాళంలో పోతోందంటే ఒకే సిలిండరు చచ్చిందని. కుర్రాడి బండిది ఈ రెండో రకం. ఆ మాట వింటే చాలు, పంపు దించాలన్న తొందర సగం తగ్గాలి. నాలుగింటికీ డీజిల్ పంచే పంపు పాడైతే సాధారణంగా నాలుగూ ఎంతో కొంత బాధపడతాయి.

ఏ సిలిండరో తేల్చే పద్ధతి పాత మెకానిక్‌లందరికీ తెలుసు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా నాజిల్‌కు వచ్చే పైపు నట్టును సగం చుట్టు వదులు చేస్తారు. ఆ సిలిండరుకు డీజిల్ అందదు. బాగా పనిచేస్తున్న సిలిండరైతే ఇంజన్ వెంటనే డీలా పడుతుంది, శబ్దం మారుతుంది. అసలే చచ్చిన సిలిండరైతే ఏ మార్పూ రాదు. బిగించి తరవాతి దానికి పోవాలి. ఒకటి, రెండు, నాలుగు నట్లు వదిలినప్పుడు కుర్రాడి బండి మూలిగింది. మూడోది వదిలితే ఉలకలేదు, పలకలేదు. మొత్తం పరీక్షకు పట్టింది అయిదు నిమిషాలు. కావాల్సింది ఒక స్పానర్, ఒక పాతగుడ్డ. 40 వేల తరవాత ఈ అయిదు నిమిషాలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి, దయచేసి వినండి. టైరులో గాలి మూడు నాలుగు బార్ల పీడనంలో ఉంటుంది. ఈ పాత ఇంజన్లలో నాజిల్ తెరుచుకునేది 200 బార్ల దగ్గర. అక్కడి నుంచి సన్నటి ధారగా వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినట్టు చిన్న చుక్క కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల చెయ్యి కుళ్లిపోతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని పడుకోకూడదు, అదే గంటలో ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పోవాలి. అందుకే నట్టు చుట్టూ గుడ్డ, కళ్లకు అద్దాలు, దారికి ఎదురుగా చెయ్యి పెట్టకపోవడం. రెండోది, ఈ పరీక్ష మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజన్లకు మాత్రమే. కామన్ రైల్ ఇంజన్లలో పీడనం 1,000 బార్లు దాటుతుంది. వాటి పైపు నట్టు నడుస్తున్న ఇంజన్ మీద ఎవరూ ముట్టుకోకూడదు. వాటికి స్కానర్ పెట్టి ఏ సిలిండరుకు కంప్యూటరు ఎంత ఎక్కువ డీజిల్ ఇస్తోందో చదవాలి. మన దేశమంతటా బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో. మీ బండి ఏ రకమో ఆర్సీ పుస్తకంలోని మోడల్ చూసి, మెకానిక్‌ను అడిగి తేల్చుకున్నాకే స్పానర్ తీయండి.

చిన్న బండ్ల వాళ్లకు ఇంకో మాట. 2005లో వచ్చిన టాటా ఏస్ తొలి ఇంజన్‌కు రెండే సిలిండర్లు, 702 సీసీ. అందులో ఒకటి చస్తే సగం బండి పోయినట్టే. నట్టు పరీక్షలో బాగున్నదాన్ని వదిలితే ఇంజన్ ఆగిపోతుంది, చచ్చినదాన్ని వదిలితే అలాగే కుంటుతుంది. ఇంతకంటే తేలిక పరీక్ష మా స్కూలు ప్రయోగశాలలో కూడా లేదు.

పెట్రోలు, సీఎన్‌జీ బండ్లయితే ప్లగ్గు, కాయిల్, ప్లగ్గు వైరు చూడాలి. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపితే పగిలిన వైరు మీద నీలం మెరుపులు కళ్లకే కనిపిస్తాయి. దూరం నుంచే చూడండి. మన హాల్లో ఎక్కువమందివి డీజిల్ బండ్లే కాబట్టి అక్కడితో వదిలేస్తున్నాను.

మళ్లీ మూడో సిలిండరుకు వద్దాం. నట్టు వదిలినప్పుడు రెండు సంగతులు చూడాలి. శబ్దం ఒకటి, గుడ్డ తడిసిందా లేదా అన్నది రెండోది. గుడ్డ తడవకపోతే డీజిల్ అక్కడిదాకా రావడం లేదు, తప్పు పంపు వైపున ఉంది. కుర్రాడి బండిలో గుడ్డ బాగానే తడిసింది. పంపు నిర్దోషి. అప్పుడు భాయిజాన్ మూడో నాజిల్ తీసి రెండోదాని చోట, రెండోది మూడోదాని చోట వేశారు. నాజిల్‌ది తప్పయితే మిస్ కూడా దానితో పాటు రెండో సిలిండరుకు మారాలి. కింద పెట్టే రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేయాలి, పాతవి మళ్లీ వేస్తే అక్కడ గ్యాస్ లీకై చఫ్ చఫ్‌మంటూ కొత్త జబ్బు మొదలవుతుంది. బండి స్టార్ట్ చేశారు. మిస్ మూడో సిలిండరులోనే ఉండిపోయింది. నాజిల్ కూడా నిర్దోషి. నేను పిల్లలకు ప్రయోగం చెప్పేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేయమంటాను. ఫిల్టరు, నాజిళ్లు, పంపు అన్నీ మార్చేశాక ఏది దేనివల్ల జరిగిందో ఎవరు చెప్పగలరు?

మిగిలింది కంప్రెషన్ గది. వాల్వ్ కవర్ తీసి టాపెట్ సందులు గేజితో చూశారు. మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర అసలు సందే లేదు. సన్నటి రేకు కూడా దూరలేదు.

ఈ సందు ఎందుకు ఉంటుందో చెబితే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. వాల్వ్ ఉక్కు కడ్డీ. వేడెక్కితే పొడుగవుతుంది, ఇది మా ఎనిమిదో తరగతి పాఠం. ఆ పొడుగుకు చోటు కోసమే సందు వదులుతారు. ఏళ్ల తరబడి వాల్వ్ కొట్టుకుని కొట్టుకుని సీటు అరిగి, వాల్వ్ కాస్త పైకి జరిగి, ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు వాల్వ్ మూసుకుంటుంది, వేడెక్కి పొడుగు కాగానే సీటు మీద ఆనదు. కంప్రెషన్ జారిపోతుంది. ముప్పై కిలోమీటర్ల తరవాత మొదలయ్యేదని కుర్రాడు చెప్పింది ఇదే. తనకు తెలిసిన జవాబు తన నోట్లోనే ఉంది.

ఇంకో సంగతి. మంటల్లో ఉండే ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని వదిలించుకునేది ముఖ్యంగా సీటును తాకినప్పుడే. రొట్టె పెనం మీంచి తీసి రాయి మీద పెట్టినట్టు. తాకకపోతే వేడి పోయే దారి లేదు, అంచు కాలిపోతుంది. మొదటి వారంలోనే టాపెట్ సెట్టింగ్ చేసి ఉంటే గంట పని, ఒక గ్యాస్కెట్ ఖర్చు. మూడు నెలలు లోడుతో తిరిగేసరికి సంగతి అక్కడితో ఆగలేదు. సందు సరిచేసి స్టార్ట్ చేస్తే మిస్ కొంత తగ్గిందే గానీ పోలేదు.

నాజిల్ తీసిన రంధ్రంలో గేజి పెట్టి కంప్రెషన్ కొలిచారు. మూడింటిలో అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, మూడో సిలిండరులో సగమే. ఇక్కడ ఒక్కో అంకె కన్నా వాటి మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. అన్నీ కాస్త తక్కువగా సమానంగా ఉంటే అది వయసు. ఒక్కటే పడిపోతే అది జబ్బు. తరవాత పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఆపి, అదే రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపారు. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. గాలి ఎటు తప్పించుకుంటుందో చెవితో వినాలి. ఆయిల్ పోసే మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, బోరు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్. రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. మాకు సైలెన్సర్ గొట్టంలోంచి వినిపించింది. ఆయిల్ మూత దగ్గర దాదాపు ఏమీ లేదు. అంటే బోరు పోలేదు. 60 వేల పని అక్కర్లేదు.

హెడ్డు మాత్రం దించక తప్పలేదు. దించితే మూడో ఎగ్జాస్ట్ వాల్వ్ అంచున గోరంత ముక్క కాలిపోయి ఉంది. ఆ వాల్వ్ మార్చి, లేత్ షాపులో సీట్లు సరిచేయించి, కొత్త హెడ్ గ్యాస్కెట్‌తో ఎక్కించారు. అయిదో రోజున బండి రైతు బజారుకు పోయింది. పంపు మీద, నాజిళ్ల మీద పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు. ఆ అప్పు అతను ఇప్పటికీ నెలనెలా కడుతున్నాడు. పెద్ద చెల్లెలి ఇంటర్ చేరిక ఆ ఏడాది వాయిదా పడింది.

ప్రతి బండీ ఇలా బతికి బయటపడుతుందని నేను చెప్పను. అదే పరీక్షలు చేస్తే నాలుగు సిలిండర్లలోనూ బోరు పోయిందని తేలిన బండ్లు కూడా చూశాను. ఆ మాట కూడా ముందే తెలియడం మంచిది. అలాంటి ఇంజన్‌కు కొత్త నాజిళ్లు వేయించడానికి ఎవరూ సాయం చేయనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ పికప్ కొని ఎవరికైనా ఉపాధిగా ఇవ్వాలనుకునే పెద్దలు రంగు, టైర్లు చూసి బేరం చేయకండి. ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరొచ్చేసరికి బండి వేడిగా ఉంటే ఎందుకు వేడిగా ఉందో అడగండి. స్టార్ట్ చేయించి వినండి, అరగంట తిప్పించి మళ్లీ వినండి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు కాగితం మీద రాయించుకోండి.

ఇక ఫోన్ వచ్చినప్పుడు అడగాల్సినవి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? ఒకే తాళంలోనా, వరస లేకుండానా? పొగ ఏ రంగు? ఇది మొదలవడానికి ముందు బండి మీద ఏ పని జరిగింది? ఏ సిలిండరో మెకానిక్ తేల్చాడా, ఎలా తేల్చాడు? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకుండా ఏ సామానుకూ డబ్బు పంపకండి. నిజమైన మెకానిక్‌కు ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. మా భాయిజాన్‌నైతే ఎవరైనా ఇలా అడిగితే టీ తెప్పిస్తారు.

టీ అంటే గుర్తొచ్చింది, బయట అది సిద్ధమైందట. గేటు పక్కన పెట్టిన తెల్ల పికప్ మన టెంట్ హౌస్ వారిది, మెకానికల్ పంపు బండే. పొద్దున నేను వచ్చేటప్పుడు ఒకే తాళంలో మిస్ కొడుతూ వచ్చింది. యజమాని ఒప్పుకున్నారు, భాయిజాన్ స్పానర్, గుడ్డ, కళ్లద్దాలు తెచ్చారు. ఈపాటికి ఇంజన్ చల్లబడి ఉంటుంది. గ్లాసులు పట్టుకుని రండి, పిల్లల్ని మాత్రం కాస్త దూరంగా ఉంచండి.